బడి పొయ్యి వెలిగించే సలోమె

మా విల్లర్‌బాక్‌లో ఏ ముసలివాణ్ణి కదిపినా సలోమె గురించి ఒకటే చెబుతాడు. మొండిఘటం, ఎవరితోనూ పొసగని మనిషి, ముప్పై ఏళ్లు బడి వీధిలో అడుగు పెట్టలేదు, రొట్టెల కొట్టుకి పోవాలన్నా తోటల వెనకనుంచి చుట్టు తిరిగి పోయేది అంటాడు. అంతా నిజమే. ఎందుకలా పోయేదో మాత్రం ఒక్కడికీ తెలీదు. నాకు తెలుసు. ఆ కారణం నేనే కాబట్టి ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకుని కూచున్నాను. ఇప్పుడు నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇంకా దాచుకుని ఎక్కడికి పట్టుకుపోతాను?

నా పేరు ఓడిల్. మా అమ్మ ఊళ్లోవాళ్ల బట్టలుతికేది. సలోమెదీ మాదీ ఒకే వాకిలి. చుట్టరికం ఏమీ లేకపోయినా నేను పిన్నీ అనేదాన్ని, ఆవిడ నన్ను పిల్లా అనేది. పెళ్లి చేసుకోలేదు. ఎముకలు బలిసిన పొడుగాటి మనిషి, చేతులు మగవాడి చేతులంత ఉండేవి. నవ్వితే మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. ఆ నవ్వు నేను విన్నాను గనకే ఇదంతా చెబుతున్నాను. తర్వాత పుట్టినవాళ్లు వినలేదు.

బడి అంటే పిల్లలు చదువుకునేది కాదు. యూదులు తమ ప్రార్థన మందిరాన్ని అలాగే పిలిచేవాళ్లు, మేమూ అదే అనేవాళ్లం. రెండు గడ్డి కొట్టాల మధ్య ఇరికించి కట్టారు దాన్ని. వీధిలోంచి చూస్తే ఒక ఎర్ర ఇసకరాతి గోడ, తలుపు మీద వాళ్ల లిపిలో చెక్కిన ఒక్క వరస, ఆ పైన గుండ్రటి కిటికీ, అంతే. చర్చి కన్నా ఎత్తు లేవకూడదని ఆ రోజుల్లో షరతు పెట్టారట. వాళ్లు ఊరుకున్నారా? నేలని వీధి కన్నా నాలుగు మెట్లు లోతుకి తవ్వేశారు. పైన బల్లచెక్కలు వంచి, బండి గూడులాగా గుండ్రంగా కప్పు వేసి, దానికి నీలం పూసి బంగారు చుక్కలు దిద్దారు. లోపలికి దిగి తలెత్తితే మా చర్చికన్నా అదే ఎత్తనిపించేది. తూర్పు గోడకి రెండు పొడుగాటి కమాను కిటికీలు. తలుపు మీదుగా ఆడవాళ్లు కూచునే మిద్దె. దానికి వేరే మెట్లు, లోపలినుంచి గడియ పెట్టుకునే వేరే తలుపు. మిద్దె చివర, వంగితేగానీ దూరలేనంత చిన్న తలుపు ఇంకొకటుంది. దాని అవతల చుక్కల కప్పుకీ పెంకులకీ మధ్య ఉన్న ఖాళీ. చిరిగిపోయిన పుస్తకాలు, పాత కాయితాలు అందులో పోసేవాళ్లు. దేవుడి పేరున్న కాయితాన్ని పారెయ్యకూడదు, కాల్చకూడదు అని వాళ్ల పట్టింపు. తొంభై ఏళ్లుగా పోస్తూ వచ్చారు కదా, మోకాటి లోతు ఉండేవి.

తూర్పు గోడ మీద, తలుపుకి సరిగ్గా ఎదురుగా, మూరెడు చదరం గిలాబా లేకుండా వదిలేశారు. రాళ్లు బయటికి కనబడుతుంటాయి. ఎప్పుడో కూలిపోయిన వాళ్ల పెద్దగుడిని మరిచిపోకుండా, ఏది కట్టినా కాస్త వెలితి ఉంచాలట. మా తాపీ మేస్త్రి క్సావియేకి అది చూస్తే ఒళ్లు మంట.

"ఒక్క చట్టెడు సున్నం, పావుగంట పని. మూసేస్తానయ్యా, చూడలేక చస్తున్నాను" అనేవాడు.

"నీ ఇంట్లో కన్నాలు మూసుకో ముందు" అనేవాడు సామ్సన్.

సామ్సన్ వాల్ అంటే ఆ బడిని చూసుకునే మనిషి. ఊడవడం, దీపాల్లో నూనె పొయ్యడం, ఎవరైనా పోతే శవం పక్కన కూచుని జాగారం చెయ్యడం, అన్నీ అతనే. ఇల్లాలు లేదు, పిల్లలు లేరు. తెల్లవారగానే ఒక చెక్కసుత్తి పట్టుకుని యూదుల ఇళ్లకి పోయి, కిటికీ తలుపుల మీద మూడేసి దెబ్బలు కొట్టేవాడు. ప్రార్థనకి పిలుపు అది. వాళ్లలో ఎవరైనా చనిపోయిననాడు మాత్రం రెండే కొట్టేవాడు. మూడో దెబ్బ పడలేదంటే లోపలివాళ్లు పక్కమీద లేచి కూచుని, ఎవరు పోయారా అనుకునేవాళ్లు. మేము యూదులం కాకపోయినా, చిన్నప్పటినుంచీ ఆ దెబ్బలు లెక్కపెట్టుకుంటూనే నిద్ర లేచేవాళ్లం.

శనివారం వాళ్లు నిప్పు ముట్టుకోరు. అందుకని పదమూడో ఏటనుంచీ సలోమె పోయి బడిలో ఇనప పొయ్యి వెలిగించేది. మొదటిరోజే సామ్సన్ వాళ్ల నాన్న ఆవిడకి చెప్పాడట: తలుపు తియ్యబోయే ముందు తాళంచెవితో మూడుసార్లు కొట్టు, కాసేపు ఆగు. రాత్రిళ్లు చనిపోయినవాళ్లు లోపల ప్రార్థన చేసుకుంటూ ఉంటారు. బతికున్నవాళ్లు వస్తున్నారని తెలిస్తే వాళ్లే సర్దుకుని వెళ్లిపోతారు. కొట్టకుండా పోయావా, పేరు పెట్టి పిలుస్తారు. పిలిచాక వెళ్లకుండా ఉండటానికి లేదు. సలోమె మా ప్రొటెస్టంట్ల పిల్ల, ఇలాంటివి నమ్మకూడదు. నమ్మిందో లేదో నాకు తెలీదు గానీ, కొట్టడం మాత్రం ఒక్కరోజూ మానలేదు.

సామ్సన్‌కీ ఆవిడకీ మధ్య ఏముందని నన్నడక్కండి. ఇద్దరిదీ ఒక మతం కాదు, ఆ రోజుల్లో అంతటితో సరి. ముప్పై ఏళ్లపాటు ప్రతి శనివారం పొయ్యి దగ్గర పోట్లాడుకునేవాళ్లు, అది నాకు తెలుసు.

"ఏం సలోమె, పొయ్యి ఇవాళ పొగ కక్కుతోంది. నీ మొహం చూసి జడుసుకుందా?"

"నువ్వు తెచ్చిన కట్టెలు తడివి. నా మొహానికేం, నిక్షేపంలా ఉంది."

"అయితే పొయ్యికే కళ్లు లేవన్నమాట."

ఇలా ఉండేది వాళ్ల సరసం. ప్రార్థనకొచ్చినవాళ్లు మొహాలు పుస్తకాల్లో పెట్టుకుని నవ్వుకునేవాళ్లు.

పంతొమ్మిదివందల నలభైలో జర్మన్లు వచ్చారు. జూలైలో ఒక పొద్దున్న యూదులకి గంట టైమిచ్చారు. మనిషికి ఒక పెట్టె. లారీ ఎక్కించి మా ఆల్సాస్ సరిహద్దు అవతలికి తోలేశారు. మా ఊళ్లో ఏడిళ్లు ఖాళీ అయ్యాయి. జాబితాలో సామ్సన్ పేరుంది గానీ మనిషి లేడు. సలోమె వాళ్ల ఎదురుగా నిలబడి, "రాత్రే కొండ దాటి పోయాడు మహానుభావుడు. తాళంచెవి నా నెత్తిన పడేసి పోయాడు, ఇప్పుడిది నేనేం చేసుకోను?" అని వాళ్లమీదే విసుక్కుంది. ఆ విసుగు చూసి నమ్మారు.

అతను కొండా దాటలేదు, గుట్టా దాటలేదు. చుక్కల కప్పు పైన, పెంకుల కింద, ఆ కాయితాల మధ్య ఉన్నాడు. ఏడాదిన్నర అక్కడే ఉన్నాడు. ఈ సంగతి నాకు తర్వాతగానీ తెలీదు. మీకు ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి ఏడిపించడం నాకు చేతకాదు.

బడిలో బెంచీలు పీకేసి, పొగాకు ఆరబెట్టడం మొదలెట్టారు. చుక్కల కిందనుంచి నేలదాకా తోరణాలు తోరణాలుగా ఆకులు. చలికాలం చెమ్మకి బూజు పట్టకుండా వారానికి రెండు రోజులు, బుధవారం, శనివారం, పొయ్యి వెలిగించాలన్నారు. తాళంచెవి ఎవరి దగ్గరుంది? సలోమె దగ్గరే. ఆ పని ఆవిడకే వచ్చింది. చేతిలో బుట్ట పట్టుకుని పోయేది, తలుపు దగ్గర నిలబడి మూడుసార్లు కొట్టేది, ఆగేది, అప్పుడు లోపలికి దిగేది. పొగాకు మోసేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

"ఎవరికి చెబుతున్నావమ్మా, ఆకులకా?"

"వెళ్లినవాళ్లకి" అనేది.

ఆ ఎగతాళి ఎన్నాళ్లో సాగలేదు. మోతకి వెళ్లిన ఒకతను, పైన చుక్కల్లోంచి గొణుగుడు వినిపించిందని బస్తా పారేసి వచ్చాడు. ఇంకొకడు, పైన కాయితాలు కదులుతున్నాయి, గాలి మాత్రం లేదన్నాడు. క్సావియే మేస్త్రి పెంకు సర్దడానికి నిచ్చెన వేసి, పెంకుల సందు మీద చెయ్యి పెట్టి చూసి, దిగొచ్చేశాడు. లోపలినుంచి వెచ్చగా ఊపిరి తగిలిందన్నాడు. నలభై ఏళ్లు ఇళ్ల కప్పులెక్కిన మనిషి, ఆ రోజు సారా గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. సలోమె ఇవన్నీ విని, "నేను ముందే చెప్పలా? చెప్పాపెట్టకుండా పోతే పేరు పెట్టి పిలుస్తారు" అనేది. ఇంకేముంది, మధ్యాహ్నం దాటితే ఆ గుమ్మం తొక్కేవాడే లేకుండా పోయాడు. ఆవిడకి కావలసిందీ అదే.

నేను నమ్మానా అంటే, గట్టిగా నమ్మాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పైకి అన్నిటినీ కొట్టిపారేసే రకాన్ని, లోపల పిరికిదాన్ని.

నలభై రెండు జనవరిలో సలోమెకి జ్వరం వచ్చింది. రెండు వారాలుగా దగ్గుతూనే పనికి పోయి, చివరికి రొమ్ము పట్టేసి పడిపోయింది. బుధవారం పొద్దున్నే నన్ను పిలిచింది. మొహం కాలిపోతోంది, మాట మాత్రం తెలివిగానే ఉంది.

"పిల్లా, ఇవాళ బడికి నువ్వు పోవాలి."

"నేనా? ఇంకెవరినైనా..."

"ఇంకెవరూ లేరు. విను. తాళంచెవితో తలుపు మీద మూడుసార్లు కొట్టు. మూడే. ఇరవై లెక్కపెట్టి లోపలికి దిగు. పొయ్యి వెలిగించు. ఈ బుట్ట ఆడవాళ్ల మెట్లమీద పెట్టు. పైకి చూడకు. తాళం వేసి వచ్చెయ్."

బుట్ట మీద ఎర్రగళ్ల గుడ్డ తీసి చూశాను. రొట్టె, జున్ను, ఉడకబెట్టిన బంగాళాదుంపలు.

"ఇదెవరికి?"

"ఎలకలకి."

"ఎలకలకి జున్నా పిన్నీ?"

"దయ్యాలకనుకో. వెళ్తావా, నన్నే లేవమంటావా?"

లేచేలాగే ఉంది. బుట్ట తీసుకుని బయల్దేరాను.

ఆ పొద్దున మంచు కమ్మి, చేతికందేంత దూరంలో ఏముందో కనిపించడం లేదు. రాత్రి పడిన మంచుమీద ఒక్క అడుగు గుర్తు లేదు. బడి తలుపు దగ్గర నిలబడితే లోపలినుంచి సన్నగా, ఒకే తీరున, గొంతు వినిపించింది. మగగొంతు. పాట కాదు, మాట కాదు. అయినా తాళంచెవి ఎత్తి ఒకసారి కొట్టాను. రెండోసారి కొట్టాను.

గొంతు ఆగిపోయింది.

ఆ గొణుగుడే నయమనిపించింది. లోపల ఎవరో చెవి ఒగ్గి, నా మూడో దెబ్బ కోసం చూస్తున్నారని తెలిసిపోతోంది. ఇంకొక్కటి కొడితే నన్ను పేరు పెట్టి పిలుస్తారనిపించింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, తలుపు మీదకి పోనంటోంది. బుట్ట అక్కడే మంచులో దింపి, వెనక్కి తిరిగి పరిగెత్తాను. వంతెన దాటేదాకా ఆగలేదు.

ఇంటికొచ్చేసరికి సలోమె కళ్లు తెరిచే ఉంది.

"అయిందా?"

"అయింది."

"మూడు కొట్టావా?"

"మూడే కొట్టాను."

"పొయ్యి?"

"వెలిగించాను పిన్నీ, పడుకో."

పిరికిదాన్నని ఒప్పుకోలేక అబద్ధమాడాను. పోతే ఒక బుట్టెడు తిండి కుక్కల పాలవుతుంది, అంతే కదా అనుకున్నాను. ఆవిడ నమ్మి నిద్రపోయింది.

పైన ఉన్న మనిషికి ఏమనిపించి ఉంటుందో ఎన్ని వేలసార్లు ఆలోచించానో. రెండు వారాలుగా కింద సలోమె దగ్గు వింటున్నాడు. రోజురోజుకీ అది లోతుకి దిగడం వింటున్నాడు. ఆ రోజు ఆవిడ తాళంచెవే తలుపు మీద రెండుసార్లు మోగింది. రెండే మోగింది. ఎవరూ లోపలికి రాలేదు, పొయ్యి వెలగలేదు. గుండ్రటి కిటికీలోంచి చూస్తే ఆవిడ బుట్ట మంచులో ఉంది. వచ్చినవాళ్లు పరిగెత్తిపోయిన గుర్తులున్నాయి. జీవితమంతా ఆ సుత్తి కొట్టినవాడు. రెండు దెబ్బలంటే అతనికి ఒకటే అర్థం. ఎవరో వచ్చి, అతనికి తెలిసే భాషలో, సలోమె పోయిందని చెప్పి వెళ్లారు. నా అడ్డగాడిద పిరికితనం అతనికి అలా వినిపించింది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి సలోమె నుదుట తడిగుడ్డ వేస్తున్నాను. జ్వరంలో ఆవిడకి ఒంటిమీద స్పృహ లేదు. దూరంగా వినిపించింది. టక్, టక్. చెక్కమీద చెక్క. మూడోది కోసం ఆగాను. రాలేదు. కాసేపటికి ఇంకాస్త దగ్గర్లో మళ్లీ రెండు. ఏడాదిన్నరగా ఆ చప్పుడు ఊళ్లో లేదు. నా చేతిలో గుడ్డలోంచి నీళ్లు నేలమీద కారుతున్నాయని కూడా చూసుకోలేదు.

ఏ ఇల్లో చప్పుడునిబట్టే చెప్పగలను. అది పశువుల బేరగాడి ఇల్లు. ఈసారి గుడ్డల కొట్టు వాళ్లది. ఇది విధవ ఎస్తేర్‌ది. ఆ ఇళ్లలో ఇప్పుడు యూదులెవరూ లేరు. ఎక్కడెక్కడినుంచో వచ్చినవాళ్లు కాపురాలున్నారు. ఒక్క తలుపు తెరుచుకోలేదు. కిటికీ తలుపులు బిగించుకుని, పిల్లల నోళ్లు మూసి కూచున్నారని తర్వాత చెప్పారు. వెళ్లగొట్టినవాళ్లు చచ్చి తిరిగొచ్చారనుకున్నారట.

నేను కిటికీ రెండు రెక్కలూ బార్లా తీశాను. ఎందుకు తీశానంటే చప్పుడు ఎటునుంచో వినడానికి. ఇంకేమీ ఆలోచించలేదు.

మంచులోంచి బయటికొచ్చాడు. నల్లకోటు ఒంటికి వేలాడుతోంది, తలమీద పండగలకి పెట్టుకునే పొడుగు టోపీ, గడ్డం రొమ్ముదాకా ఉంది. మొహం, చేతులు, నేలమాళిగలో లేచిన బంగాళాదుంప మొలకంత తెలుపు. ఎక్కువ నడిచి ఎన్నాళ్లో అయింది గదా, అడుగు తీసి అడుగు వేస్తుంటే మోకాళ్లు తడబడుతున్నాయి. ఏడో ఇంటి కిటికీ మీద రెండు కొట్టి, మా వాకిలి ముందున్న నీళ్ల తొట్టి దగ్గరికి వచ్చి ఆగాడు. తలెత్తి మా కిటికీ చూశాడు.

మా వైపు ఎవరైనా పోతే ప్రాణం వెళ్లడానికి కిటికీ తెరుస్తారు. అతనికి తెలీదా? ఊళ్లో పుట్టినవాడే. అంత చలిలో సలోమె గది కిటికీ బార్లా తెరిచి ఉంది, అందులో నేను తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉన్నాను. సామ్సన్ టోపీ తీశాడు. గుండెకి ఆనించుకుని తల వంచాడు.

అప్పుడు పోల్చుకున్నాను నేను. దయ్యం కాదు, సామ్సన్. నేను చేసిందేమిటో కూడా ఆ క్షణంలోనే నాకు తెలిసిపోయింది. "బతికే ఉంది" అని అరిస్తే చాలు. రెండు మాటలు. నోరు తెరిచాను, ఆ రెండూ బయటికి రాలేదు. జెండార్మ్ పోలీసులు ఇద్దరు చర్చి మూలనుంచి వచ్చేశారు. అతను పారిపోలేదు. టోపీ మళ్లీ పెట్టుకోనిమ్మని అడిగినట్టున్నాడు, వాళ్లు పెట్టుకోనివ్వలేదు. సుత్తి తొట్టి పక్కన పడిపోయింది. నేను కిటికీ మూసేశాను.

తిండి ఎవరు పెట్టారని రెండురోజులు అడిగారట, కొట్టారట. నేనే దొంగతనంగా దూరాను, నేనే దొంగిలించి తిన్నాను అన్నాడట. చచ్చిపోయిందనుకున్న మనిషి పేరు చెబితే పోయేదేముంది? అయినా చెప్పలేదు. రైలెక్కించారు. యుద్ధం అయ్యాక ఒక కాయితం వచ్చింది, మనిషి రాలేదు.

సలోమె మూడోవారానికి లేచి కూచుంది. ఊరంతా అప్పటికే చెప్పేసింది. ఆవిడ ఏడవలేదు. నన్ను దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుంది.

"ఓడిల్, నిజం చెప్పు. ఆ రోజు నువ్వు ఎన్నిసార్లు కొట్టావు?"

ఇప్పటికీ ఆ చేతి బిగువు నా మణికట్టు మీద తెలుస్తుంది. అప్పుడు చెప్పేసి ఉంటే సరిపోయేది. తిట్టేది, కొట్టేది, కొట్టనీ.

"మూడు పిన్నీ" అన్నాను.

నా చెయ్యి వదిలేసింది. తర్వాత, "అయితే మతి పోయిందన్నమాట" అంది. "ఎవరూ చావకుండా రెండేసి కొట్టుకుంటూ తిరిగాడంటే మతిపోయే ఉంటుంది. నేనే పోగొట్టాను. ఏడాదిన్నర ఆ చీకట్లో, కాయితాల మధ్య పెట్టి తాళం వేశాను. చలికి చచ్చినా, కొండమీద తుపాకీకి చచ్చినా, మనిషి మనిషిగా చచ్చేవాడు."

నేను అక్కడే నిలబడి విన్నాను.

ఆ తర్వాతిదే ఊరికి తెలిసిన సలోమె. తాళంచెవి పంచాయతీ ఆఫీసులో బల్లమీద పడేసి వచ్చింది. బడి వీధి తొక్కలేదు. ఇంట్లో ఏ గదికీ గడియ పెట్టనిచ్చేది కాదు, శీతాకాలంలో కూడా. తలుపు మూసి ఉందంటే చాలు, అది ఎవరిదైనా పోయి తీసేది. ఊళ్లోవాళ్ల కుందేళ్ల గూళ్లు తీసేసేది, కోళ్లగంపలు ఎత్తేసేది. "సలోమె వస్తోంది, కోళ్లు జాగ్రత్త" అని పిల్లలు వెనకబడి అరిచేవాళ్లు. పెద్దవాళ్లు వాకిట్లోకొచ్చి దెబ్బలాడేవాళ్లు. ఆవిడ ఒక్క మాట తిరిగి అనేది కాదు. అంత నోరున్న మనిషికి నోరే పోయింది.

బడికి ప్రార్థించేవాళ్లు తిరిగి రాలేదు. ఒక కుటుంబం తాలూకు కొడుకు ఒక్కడు వచ్చి, లోపలికి దిగి, పావుగంట ఉండి, కళ్లు తుడుచుకుని కారెక్కాడు. పంచాయతీ వాళ్లు మంటలార్పే బండి పెట్టుకోవడానికి ముందు గోడ పగలగొట్టి పెద్ద తలుపు పెట్టారు. ఆడవాళ్ల మిద్దె కూల్చారు. చుక్కల కప్పు మాత్రం పనికి అడ్డం రాదని వదిలేశారు. గోడలన్నీ కొత్తగా పూయమని క్సావియేని పిలిచారు. నలభై ఏళ్లుగా ఆ చదరం మూస్తానని చంపుకు తిన్నవాడు కదా, సున్నం కలుపుకుని, తాపీ పట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. మిగతా గోడంతా పూసి, దాన్ని మాత్రం అలాగే వదిలేసి వచ్చాడు. ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు. ఇప్పటికీ మంటలబండి వెనక ఆ రాళ్లు అలాగే ఉన్నాయి.

నేను పెళ్లి చేసుకున్నాను, పిల్లల్ని కన్నాను, మొగుణ్ణి సాగనంపాను. అదే వాకిట్లో ఉన్నాను. రోజూ సలోమెకి పాలు ఇచ్చాను, కట్టెలు కొట్టిచ్చాను. నన్ను అందరూ మంచిదాన్నన్నారు. ఆ మాట అన్నవాళ్ల మొహం చూసేదాన్ని కాదు.

డెబ్బై మూడు మార్చిలో ఆవిడ మంచం పట్టింది. ఎనభై మూడేళ్లు. ఇక లేవదని డాక్టరు చెప్పాడు. ఆ మధ్యాహ్నం పాలు తీసుకుని వెళ్తే, ఆవిడ గోడవైపు తిరిగి మెల్లిగా ఏదో అంటోంది. వంగి విన్నాను. "తాళం వెయ్యకుండా ఉండాల్సింది సామ్సన్, తాళం వెయ్యకుండా ఉండాల్సింది" అంటోంది. నా వల్ల కాలేదు. పాలగిన్నె కింద పెట్టి, మంచం పక్కన మోకాళ్లమీద కూలబడి, మొత్తం చెప్పేశాను. రెండు దెబ్బలు, బుట్ట, పరుగు, అబద్ధం, కిటికీ, టోపీ. ఏదీ తగ్గించలేదు. ఏడుస్తూ చెప్పాను, ముక్కు తుడుచుకుంటూ చెప్పాను.

ఆవిడ ఇటు తిరిగింది. నన్ను కాదు, నా వెనక కిటికీని చూస్తోంది.

"అయితే మతి పోలేదా?"

"లేదు పిన్నీ. నిక్షేపంలా ఉన్నాడు."

"నేను పోయాననుకున్నాడా?"

"అనుకున్నాడు."

"ఆ తలుపులన్నీ కొట్టింది... నాకోసమా?"

"నీకోసమే. ఏడిళ్లూ. వాళ్లవాళ్లకి కొట్టినట్టే కొట్టాడు. తర్వాత నీ పక్కన కూచోడానికే వస్తున్నాడు, నీ గుమ్మానికి ఇరవై అడుగుల్లో పట్టుకున్నారు."

దుప్పటిమీదున్న ఆ పెద్ద చెయ్యి ఎత్తింది. కొడుతుందనుకుని మొహం ముందుకి పెట్టాను. కొట్టలేదు. మొహంమీద చెయ్యి వేసి వెనక్కి నెట్టింది, ఉన్న బలమంతా పెట్టి.

"ముప్పై ఒక్కేళ్లు" అంది. "బయటికి పో."

లేచాను. గుమ్మం దగ్గరికి వెళ్లాక వెనకనుంచి పిలిచింది.

"ఇలా రా. కూచో. మళ్లీ చెప్పు."

"ఏది పిన్నీ?"

"అతను మంచులోంచి బయటికొచ్చిన దగ్గర్నుంచి."

చెప్పాను. కోటు ఎలా ఉంది, గడ్డం ఎంత ఉంది, టోపీ ఏ చేత్తో తీశాడు, అన్నీ అడిగి అడిగి చెప్పించుకుంది. మర్నాడు కూడా చెప్పించుకుంది. ఆ మర్నాడూ అంతే. పదకొండు రోజులు బతికింది, పదకొండు రోజులూ పాలు తాగడం అయ్యాక అదే చెప్పించుకుంది. నేను ముందు చెప్పినదానికి తప్పితే దిద్దేది. ఒకరోజు టోపీ దగ్గరికి వచ్చేసరికి, చిన్నగానే, ఆ పాత నవ్వు నవ్వింది.

ఆ రోజు లేచి వెళ్లబోతూ ధైర్యం చేసి అడిగాను.

"నన్ను క్షమించావా పిన్నీ?"

"లేదు" అంది. దుప్పటి మెడదాకా లాక్కుని గోడవైపు తిరిగింది. "రేపు కాస్త పెందరాళే రా."